ఎస్ఎస్‌హెచ్ కీల మీద అపోహలు, అసలు సంగతులు

దూరంగా ఉన్న సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి ఎస్ఎస్‌హెచ్. అందులో పాస్‌వర్డ్ బదులు ఒక జత కీలు వాడొచ్చు: సర్వర్‌కి ఇచ్చేది పబ్లిక్ కీ, మన దగ్గరే దాచుకునేది ప్రైవేట్ కీ. టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లకి సర్వర్ యాక్సెస్ ఇవ్వాలంటే ముందు "నీ పబ్లిక్ కీ పంపు" అని అడుగుతాం. కొందరు నేరుగా ప్రైవేట్ కీ ఫైలే మెయిల్‌లో పడేస్తారు. ఇంకొందరు పబ్లిక్ కీని జిప్ చేసి, దానికో పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ని వేరే మెయిల్‌లో పంపుతారు. రోజూ లాగిన్ అవుతూనే ఉంటారు, కానీ ఏ ఫైలు ఏం చేస్తుందో మాత్రం తెలీదు. ఎక్కువగా వినపడే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: పబ్లిక్ కీ కూడా ఎవరికీ చూపించకూడదు.

అక్కర్లేదు. గిట్‌హబ్‌లో ఎవరి ప్రొఫైల్ అడ్రస్ చివరనైనా ".keys" అని తగిలించి బ్రౌజర్‌లో కొట్టండి, ఆ మనిషి లాగిన్‌కి వాడే పబ్లిక్ కీలన్నీ వచ్చేస్తాయి. దాచాల్సింది రెండో ఫైలు, అంటే ప్రైవేట్ కీ. పబ్లిక్ కీ లైను చివర మీ పేరు, లాప్‌టాప్ పేరు ఉంటాయి చూశారా, అది వట్టి కామెంట్, తీసేసినా కీ పనిచేస్తుంది. పబ్లిక్ ఫైలు పోయినా టెన్షన్ పడక్కర్లేదు, కీలు తయారుచేసే ఎస్ఎస్‌హెచ్-కీజెన్ కమాండ్‌కి మైనస్ వై (-y) ఇస్తే ప్రైవేట్ కీలోంచి మళ్లీ తీసిస్తుంది. ప్రైవేట్ కీ పోతే మాత్రం అంతే సంగతులు, కొత్త జత చేసుకోవాల్సిందే.

అపోహ: లాగిన్ అయ్యేటప్పుడు ప్రైవేట్ కీ సర్వర్‌కి వెళ్తుంది, డేటా అంతా దాంతోనే ఎన్‌క్రిప్ట్ అవుతుంది.

రెండూ తప్పే. కనెక్ట్ అయిన ప్రతిసారీ మీ మెషీనూ సర్వరూ కలిసి అప్పటికప్పుడు ఒక సెషన్ కీ తయారు చేసుకుంటాయి, డేటాని ఎన్‌క్రిప్ట్ చేసేది అది. మీ ప్రైవేట్ కీ పని ఆ తర్వాత మొదలవుతుంది: ఆ సెషన్‌కి సంబంధించిన సమాచారం మీద సంతకం పెడుతుంది, సర్వర్ తన ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో (లాగిన్‌కి అనుమతి ఉన్న పబ్లిక్ కీల జాబితా) ఉన్న మీ పబ్లిక్ కీతో ఆ సంతకాన్ని సరిచూసుకుంటుంది. ప్రైవేట్ కీ మీ మెషీన్ దాటి బయటికే రాదు. "సర్వర్ పబ్లిక్ కీతో ఒక ముక్క ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది, మనం దాన్ని విప్పి చూపిస్తాం" అని ఇంటర్వ్యూల్లో ఇప్పటికీ చెప్తుంటారు. అది ఎస్ఎస్‌హెచ్ వెర్షన్ 1 నాటి పద్ధతి, ఇప్పుడు ఎవరూ వాడట్లేదు.

అపోహ: ఎన్ని ఎక్కువ బిట్లుంటే కీ అంత గట్టిది.

ఒకే రకం కీల మధ్య పోలిస్తే కొంతవరకు నిజం. ఆర్ఎస్ఏ, ఈడీ25519 అనేవి రెండు రకాల కీలు. ఆర్ఎస్ఏ 4096 పక్కన ఈడీ25519 పెట్టి "ఇది 256 బిట్లే కదా" అంటే లెక్క కుదరదు, ఎందుకంటే రెండింటి గణితం వేరు. ఈడీ25519 దాదాపు ఆర్ఎస్ఏ 3072తో సమానంగా నిలబడుతుంది, పైగా ఒక్క లైన్లో ఇమిడిపోతుంది. ఎక్కువమంది వాడే ఎస్ఎస్‌హెచ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లోకి ఇది 2014లోనే వచ్చింది, 2023లో 9.5 వెర్షన్ నుంచి డిఫాల్ట్ అయింది. కాబట్టి కొత్త మెషీన్లో ఏ ఆప్షన్లూ ఇవ్వకుండా ఎస్ఎస్‌హెచ్-కీజెన్ కొడితే వచ్చేది ఇదే. ఆర్ఎస్ఏ చచ్చిపోయిందన్న మాట కూడా తప్పే, 2021లో 8.8 వెర్షన్ డిఫాల్ట్‌గా ఆపేసింది షా-1 అనే పాత హాష్ పద్ధతితో పెట్టే సంతకాలని, అదే ఆర్ఎస్ఏ కీ షా-2తో హాయిగా పనిచేస్తుంది. నిజంగా పోయింది డీఎస్ఏ అనే ఇంకో పాత రకం కీ, 2025లో 10.0 వెర్షన్ దాన్ని పూర్తిగా తీసేసింది.

అసలు బిట్ల కంటే ఆ బిట్లు ఎక్కణ్నుంచి వచ్చాయన్నదే ముఖ్యం. 2006లో డెబియన్ అనే లైనక్స్ తయారుచేసేవాళ్లు మెమరీ చెకింగ్ టూల్ వార్నింగులిస్తోందని ఓపెన్ఎస్ఎస్ఎల్ (కీలకి ర్యాండమ్ సంఖ్యలిచ్చే లైబ్రరీ) కోడ్‌లో ఒకటి రెండు లైన్లు తీసేశారు. దాంతో ర్యాండమ్‌నెస్ కోసం మిగిలింది ప్రాసెస్ ఐడీ ఒక్కటే. ఒక రకం మెషీన్ మీద, ఒక సైజులో, పుట్టగలిగే కీలు మొత్తం కలిపి 32 వేల చిల్లర! 2008 మేలో బయటపడేదాకా డెబియన్, ఉబుంటు మెషీన్ల మీద అలాంటి కీలే తయారయ్యాయి. 4096 బిట్లు పెట్టినవాడి కీ కూడా అంతే, జాబితా దగ్గర పెట్టుకుని ఒక్కోటి ప్రయత్నించుకుంటూ పోతే దొరికిపోతుంది. 2024లో విండోస్‌లో ఎక్కువగా వాడే ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రామ్ పుట్టీ వంతు వచ్చింది. పీ-521 అనే రకం కీతో అది పెట్టిన సంతకాలు ఓ 60 దొరికితే చాలు, ప్రైవేట్ కీ లెక్కకట్టేయొచ్చని తేలింది. పుట్టీ 0.81లో సరిచేశారు, కానీ పుట్టీని అప్‌డేట్ చేసి ఊరుకుంటే చాలదు, అప్పటిదాకా వాడిన ఆ కీని పారేయాలి.

వెబ్‌సైట్లో కీ జనరేట్ చేసుకోవచ్చా అని అడిగేవాళ్లూ ఉన్నారు. వద్దు.

అపోహ: కీ ఉంది కదా, దానికి మళ్లీ పాస్‌ఫ్రేజ్ (కీ ఫైలుకి పెట్టే పాస్‌వర్డ్) ఎందుకు?

లాప్‌టాప్ పోయిన రోజు తెలుస్తుంది. పాస్‌ఫ్రేజ్ కాపాడేది డిస్క్ మీదున్న ఫైలుని. అది సర్వర్‌కి వెళ్లదు, మీరు పెట్టారో లేదో కూడా సర్వర్‌కి తెలీదు. ప్రతిసారీ కొట్టాలన్న బాధ ఉంటే విప్పిన కీని మెమరీలో ఉంచే ఎస్ఎస్‌హెచ్ ఏజెంట్ ఉంది, పొద్దున ఒకసారి కొడితే సరి. పాత కీకి ఇప్పుడు పెట్టాలన్నా ఎస్ఎస్‌హెచ్-కీజెన్‌కి మైనస్ చిన్న పి (-p) ఇస్తే చాలు. పబ్లిక్ కీ మారదు కాబట్టి సర్వర్ల జోలికి వెళ్లే పనే లేదు. మనిషి లేకుండా రాత్రిపూట నడిచే బ్యాకప్ స్క్రిప్ట్‌కి పాస్‌ఫ్రేజ్ కుదరదు, ఒప్పుకుంటా. కానీ అలాంటి కీకి ఆథరైజ్డ్ కీస్ లైను ముందు ఏ ఐపీ నుంచి రావాలో, ఏ ఒక్క కమాండ్ నడపాలో రాసి కట్టేయొచ్చు. ఈ సౌకర్యం ఎన్నో ఏళ్లుగా ఉంది, వాడేవాళ్లే తక్కువ.

అపోహ: కీ పెట్టేశాం, ఇక పాస్‌వర్డ్ దాడులు ఉండవు.

కీ చేర్చినంత మాత్రాన పాస్‌వర్డ్ లాగిన్ ఆగదు, దాన్ని విడిగా ఆపాలి. ఇక్కడో తిరకాసుంది. సర్వర్ మీద నడిచే ఎస్ఎస్‌హెచ్‌డీ ప్రోగ్రామ్ కాన్ఫిగ్‌లో "పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ నో" అని రాసి, సర్వీస్ రీస్టార్ట్ చేసి, పని అయిపోయిందనుకుంటారు. క్లౌడ్‌లో దొరికే ఉబుంటు ఇమేజ్‌లలో కాన్ఫిగ్ డాట్ డీ ఫోల్డర్లో క్లౌడ్-ఇనిట్ (మెషీన్ మొదటిసారి ఆన్ అయినప్పుడు సెట్ చేసే ప్రోగ్రామ్) పెట్టిన ఇంకో చిన్న ఫైలు ఉండి, అందులో "ఎస్" అని ఉండొచ్చు. ఎస్ఎస్‌హెచ్‌డీ ముందు చదివిన విలువనే తీసుకుంటుంది, ఆ ఫోల్డరేమో ముందే చదువుతుంది. ఫైలు చూసి నమ్మకండి, రూట్‌గా "ఎస్ఎస్‌హెచ్‌డీ మైనస్ పెద్ద టీ" (sshd -T) కొడితే నిజంగా అమల్లో ఉన్నదేంటో చూపిస్తుంది. ఇదంతా చేసేటప్పుడు ఉన్న సెషన్ మూయకుండా, కొత్త విండోలో లాగిన్ అయి చూసుకోండి.

అపోహ: పర్మిషన్ ఎర్రర్ వస్తే 777 (అందరికీ చదివే, రాసే, నడిపే అనుమతి) ఇచ్చేస్తే సరి.

సరిగ్గా ఉల్టా. ప్రైవేట్ కీ మిగతా యూజర్లు చదివేలా ఉంటే మీ మెషీన్ మీదున్న ఎస్ఎస్‌హెచ్ క్లయింట్ దాన్ని ముట్టుకోదు, 600 (ఓనర్ ఒక్కరే చదివి రాయగలిగేలా) ఉండాలి. సర్వర్ వైపు హోమ్ ఫోల్డర్‌కి 777 ఇచ్చారంటే నిన్నటిదాకా పనిచేసిన కీ కూడా ఆగిపోతుంది. మీకు కనిపించేది "పర్మిషన్ డినైడ్" ఒక్కటే, అసలు కారణం సర్వర్ లాగ్‌లో "బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్" అని పడుంటుంది. క్లయింట్ ముందు కూర్చుని గంటలు గంటలు తలబాదుకున్నా అది దొరకదు.

అపోహ: టీమంతటికీ ఒకే పెమ్ ఫైలు (ప్రైవేట్ కీ ఉండే ఫైలు) చాలు.

అమీర్‌పేట క్లాసుల్లో బ్యాచ్ మొత్తానికి ఒకే ఫైలు వాట్సాప్‌లో పంచుతారే, ఆ అలవాటు ఉద్యోగాల్లోకి కూడా వచ్చేసింది. ఏదైనా జరిగితే లాగ్‌లో కనిపించేది ఒక్క కీయే, లాగిన్ అయింది ఎవరో తేలదు. మనిషికో జత, వీలైతే మెషీన్‌కో జత. లోపలి సర్వర్లకి దారిచ్చే జంప్ సర్వర్ దాటి వెళ్లాలంటే ప్రైవేట్ కీని దాని మీద కాపీ చేయక్కర్లేదు, 2016 నుంచి ఎస్ఎస్‌హెచ్ కమాండ్‌లో మైనస్ పెద్ద జే (-J) ఉంది.

మనిషి ఉద్యోగం మానేసినప్పుడు లైనక్స్ పాస్‌వర్డ్ మార్చేసి ఊరుకుంటారు. కీకి పాస్‌వర్డ్‌తో సంబంధం లేదు, ఆథరైజ్డ్ కీస్‌లో ఆ లైను ఉన్నంతకాలం అతను లాగిన్ అవుతూనే ఉంటాడు. అతని పేరున్న అకౌంట్ ఒక్కటే చూస్తే సరిపోదు. రూట్ ఫైలు చూడండి, అంతకంటే ముందు అందరూ వాడే డిప్లాయ్ యూజర్ ఫైలు చూడండి, ఎప్పుడో అర్ధరాత్రి అర్జెంటుగా చేర్చి మర్చిపోయిన కీలు ఎక్కువగా దొరికేది అక్కడే.