దూరం నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి: రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

విజయనగరం చుట్టుపక్కల ఇళ్లకూ చిన్న దుకాణాలకూ రౌటర్లు, కెమెరాలు బిగించడం నా పని. అమ్మానాన్నలు బొబ్బిలిలోనో రాజాంలోనో ఉంటారు, పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు. వాకిట్లో కెమెరా అక్కడి నుంచి కనిపించాలి, ఇంటి కంప్యూటర్‌లోని కాగితాలు అందాలి. ఇందుకు రాస్‌ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ లాంటి చిన్న పరికరం చాలు. దాని చుట్టూ అల్లుకున్న అపోహలే ఎక్కువ.

అపోహ: స్టాటిక్ ఐపీ (ఎప్పటికీ మారని ఇంటర్నెట్ చిరునామా) కొనకపోతే పని జరగదు.

చాలా ఇళ్ల కనెక్షన్లకు సొంత పబ్లిక్ చిరునామా ఉండదు. ఒకే చిరునామాను ఎన్నో ఇళ్లు పంచుకుంటాయి. దీన్నే సీజీనాట్ అంటారు. రౌటర్ సెట్టింగుల పేజీలో వ్యాన్ చిరునామా, అంటే రౌటర్‌కు బయటివైపు ఉన్న చిరునామా, చూడండి. అది 100.64కూ 100.127కూ మధ్య మొదలైతే మీరు ఆ గుంపులో ఉన్నట్టే. అప్పుడు రౌటర్‌లో పోర్టు, అంటే బయటివారు లోపలికి వచ్చే తలుపు, తెరిచినా బయటివారి పిలుపు మీ గుమ్మం దాకా రాదు. అందుకని లోపలున్న పరికరం చేతే బయటకు పిలిపిస్తాం. నెల అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్‌కు వైర్‌గార్డ్‌తో, అంటే ఇంటర్నెట్ మీదుగా తాళం వేసిన సొరంగం లాంటి దారి వేసే ప్రోగ్రామ్‌తో, కలుపుతాం, లేదా దాని మీదే నడిచే టెయిల్‌స్కేల్ సేవ వాడతాం. ప్రతి 25 సెకన్లకు ఒక చిన్న పలకరింపు పంపేలా పెడితే దారి మూసుకుపోదు.

అపోహ: కెమెరాకు పోర్టు తెరిస్తే సరిపోతుంది, పాస్‌వర్డ్ ఉంది కదా.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు నిజంగా భయమేస్తుంది. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ కెమెరాలను, రికార్డర్లను లక్షల్లో వశం చేసుకుంది. గొప్ప మాయేమీ చేయలేదు. ఫ్యాక్టరీలో పెట్టి పంపిన యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌ల జతలు అరవై చిల్లర దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే ప్రయత్నించింది. మన ఇళ్లలో ఆ పాస్‌వర్డ్‌లు మార్చినవారు ఎందరు? పబ్లిక్ చిరునామా ఉండి పోర్టు తెరవక తప్పదంటే వైర్‌గార్డ్‌కు మాత్రమే తెరవండి. సరైన తాళంచెవి లేనివారు తట్టితే అది బదులే పలకదు. అక్కడొక తలుపు ఉందనే సంగతి వాళ్లకు తెలియదు.

అపోహ: ఒకసారి పెట్టేస్తే ఇక చూడనక్కరలేదు.

మనది గాలివానల ప్రాంతం. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. మామూలు రోజుల్లోనూ కరెంటు చటుక్కున పోతుంది. పరికరం మెమరీ కార్డు మీద రాసుకుంటూ ఉండగా కరెంటు పోతే కార్డు పాడవవచ్చు. అందుకే కార్డు మీద రాతలు పడకుండా ఓవర్‌లే అమరిక పెడతాను, రౌటర్‌కూ పరికరానికీ కలిపి చిన్న యూపీఎస్ ఇస్తాను.

కార్డుకన్నా ఎక్కువగా నన్ను తిప్పలు పెట్టింది గడియారం. రాజాంలో ఒక రిటైర్డ్ మాస్టారి ఇంట్లో కరెంటు పోయి వచ్చింది. పరికరం దీపం వెలుగుతోంది, కెమెరా మాత్రం హైదరాబాద్‌లో కనిపించడం లేదు. నేను బస్సు దిగి వెళ్లేసరికి దానంతటదే కలిసిపోయి ఉంది. రెండోసారీ అంతే. లాగ్‌లు (పరికరం రాసుకునే పనుల చిట్టా) ముందు పెట్టుకుని కూర్చుంటే తెలిసింది. ఈ పరికరంలో గడియారానికి బ్యాటరీ లేదు. లేవగానే, అంతకుముందు ఎప్పుడో దాచుకున్న పాత సమయం చూపిస్తుంది. సమయం వెనక్కి వెళ్లిన పిలుపు వస్తే, పాత సందేశాన్ని ఎవరో మళ్లీ పంపుతున్నారని అవతలి వైర్‌గార్డ్ తోసిపుచ్చుతుంది. సమయం సరిచేసుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి. నేనేమో ఆ అడిగే దారిని కూడా సొరంగంలోకే మళ్లించాను. ఇప్పుడు సొరంగానికి సంబంధించిన చిరునామాలను మాత్రమే అందులోకి పంపుతున్నాను, సమయం మామూలు దారిన వస్తుంది.

అపోహ: కనెక్ట్ అయిందని చూపిస్తే అన్నీ తెరుచుకుంటాయి.

ఇంటి లోపలి చిరునామాలు ఇక్కడా 192.168.1తో, అక్కడా 192.168.1తో మొదలైతే ఫోనుకు ఏ ఇల్లో తెలియదు. హైదరాబాద్‌లోని గదిలోనే వెతుక్కుంటుంది. కొత్తగా పెట్టే ఇంటికి 192.168.57 లాంటిది ముందే ఇస్తాను.

అపోహ: ఈ సొరంగం వాడితే మనం ఎవరమో ఎవరికీ తెలియదు.

ఫోనులో ఇంటర్నెట్ వాడకం మొత్తం ఇంటి మీదుగా పంపితే వెబ్‌సైట్లకు కనిపించేది మీ ఇంటి కనెక్షన్ చిరునామాయే.

అపోహ: కరెంటు బిల్లు పెరుగుతుంది.

మూడు వాట్లు అనుకున్నా నెలకు రెండు యూనిట్ల పైచిలుకు, అంతే.

పని అయ్యాక ఏ ఇంటి నుంచీ వెంటనే బయలుదేరను. ఫోనులో వైఫై ఆపి మొబైల్ డేటా మీద ఉంచి, రౌటర్‌నూ పరికరాన్నీ కలిపి స్విచ్ ఆపేస్తాను. పది నిమిషాలాగి మళ్లీ వేస్తాను. ఆ మాస్టారు రెండోసారి నా పక్కనే నిలబడి, స్విచ్ వేశాక కెమెరా మళ్లీ కనిపించేదాకా గోడ గడియారం చూశారు. "నాలుగు నిమిషాలు బాబూ" అన్నారు. ఫోనులో ఆయన వాకిలి, తులసికోట కనిపించాయి.