ప్యాకెట్టు మీది మంచు తేదీ

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: తాను కొన్న విదేశీ తులసి విత్తనాల ప్యాకెట్టు మీద "ఆఖరి మంచు తేదీకి 6 వారాల ముందు ఇంట్లో నారు పోయాలి" అని ఉన్నదట, మన ఊరికి ఆ తేదీ ఏది? ఆ తేదీ అంటే చలిదేశాల్లో రాత్రి చలి సున్నాకు దిగి మొక్కల మీద మంచు గడ్డకట్టే చివరి రోజు; మనకు అట్లాంటి తేదీ లేదు. డిసెంబరు రాత్రులు ఇక్కడ సాధారణంగా 15 డిగ్రీలకు అటూఇటూగా ఉంటాయి. అయినా ఇగం ముదిరిన వారంలో ఆమె డాబా మీది తులసి ఆకులు నల్లబడ్డాయి, అది ఇంటికి కీడని అత్తగారు దిగులుపడుతున్నారు.

కీడు పైనున్న ఆకాశంలో ఉంది. వాతావరణ కేంద్రం చెప్పే ఉష్ణోగ్రత, నేలకు మీటరుంపావు ఎత్తున, గాలి ఆడే చెక్కపెట్టె నీడలో కొలిచిన గాలి వేడి మాత్రమే. మబ్బు లేని, గాలి కదలని పొడి రాత్రి ఆకు తన వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా నేరుగా ఆకాశానికి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికన్నా కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది. 1775లో ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి రాబర్ట్ బార్కర్ వర్ణించిన, అలహాబాదులో మంచుగడ్డ తయారుచేసే పద్ధతి ఇదే: గుంటలో ఎండు చెరకు, మక్క కాడలు పరచి, వాటి మీద లోతు తక్కువ మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి వదిలేస్తే, గాలి సున్నాకు దిగకున్నా తెల్లవారేసరికి మంచుగడ్డ కట్టేది. కాడలు నేల వేడిని అడ్డుకునేవి, ఆకాశం మిగతాది లాగేసేది. ఇందులోని ప్రధాన కారణం వికిరణమేనని, అంటే వేడి ఇట్లా కిరణాలుగా పోవడమేనని, 1814లో వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్ వాదించాడు. ఇనుప స్టాండు మీదికెక్కించిన కుండీది కూడా అచ్చం ఆ మూకుడి స్థితే; పగలంతా ఎండ తాగిన స్లాబు వేడి దానికి అందదు.

తులసి జాతి దెబ్బతినడానికి గడ్డకట్టే చలి అక్కరలేదు. సుమారు 10 డిగ్రీల దగ్గరే కణత్వచాల్లోని, అంటే కణాల పలుచని పొరల్లోని కొవ్వు బిగుసుకుని, త్వచం కారుతుంది. వేరువేరు అరల్లో ఉండవలసిన ఫినాల్ పదార్థాలు, ఎంజైములు కలిసిపోయి, కోసిపెట్టిన వంకాయ ముక్కలాగే ఆకు నల్లబడుతుంది.

కాబట్టి ఆ విత్తనాలను రాత్రులు వెచ్చబడ్డ ఫిబ్రవరి నెలాఖరులోనో, తొలకరికో వేసుకోవచ్చు. కొత్తిమీర, మెంతికూరలది దీనికి తలకిందుల వ్యవహారం. వాటికి గడువు పెట్టేది ఎండ గనుక అక్టోబరు నుంచే చల్లాలి, మార్చిలో చల్లిన కొత్తిమీర ఆకు నిలవక పూతకు పోతుంది. ఇక నల్లబడ్డ తులసి కుండీని స్టాండు దింపి గోడవారగా స్లాబు మీద పెట్టి, పొద్దుగూకగానే ఆకులకు తగలకుండా కర్రల మీద పాత చీర కప్పితే, ఆకాశానికి పోయే వేడి కొంత ఆ చీర దగ్గరే ఆగుతుంది.