కనిపించకపోతే కనిపించలేదనే రాయండి: ఖగోళ శాస్త్రం ల్యాబ్‌పై అపోహలు - వాస్తవాలు

సెమిస్టర్ మొదలయ్యే వారంలో నన్ను అడిగే ప్రశ్నలు ఎప్పుడూ అవే. లెక్కలు ఎక్కువగా ఉంటాయా మేడమ్? సొంత టెలిస్కోపు కొనుక్కోవాలా? జాతకం చూడటం కూడా నేర్పుతారా? మూడోదానికి జవాబు: నేర్పరు. గ్రహాల పేర్లు రెండు చోట్లా వినిపిస్తాయన్న మాటే తప్ప ఆ విద్యకూ ఈ కోర్సుకూ ఏ చుట్టరికమూ లేదు. మొదటి రెండింటికీ కింద క్లుప్తంగా జవాబిచ్చాను.

డిగ్రీ స్థాయి పరిచయ కోర్సులో ల్యాబులు, రాత్రి పరిశీలనలు చూసుకోవడం నా పని. ఈ కోర్సులో ఎక్కువ మందికి మార్కులు పోయేది లెక్కల వల్ల కాదు, మబ్బుల వల్ల అంతకన్నా కాదు. ఎవరూ పైకి అడగని, లోలోపల గట్టిగా నమ్మే ఒక అపోహ వల్ల. ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: ల్యాబ్‌లో పుస్తకంలో ఉన్నట్టే కనిపించాలి, పుస్తకంలో ఉన్న విలువే రావాలి.

వాస్తవం: రానక్కర్లేదు. చాలాసార్లు రాదు కూడా. మీకు ఏం కనిపించింది, ఎంత వచ్చింది, ఆ విలువను ఎంతవరకు నమ్మవచ్చు అన్నది నేర్చుకోవడానికే ల్యాబ్. శని చుట్టూ వలయాలున్నాయన్న సంగతి మీ దగ్గర తెలుసుకోవలసిన అవసరం నాకు లేదు.

టెలిస్కోపు దగ్గర ఏం జరుగుతుందో చెబుతాను. మాది మోటారు లేని మామూలు టెలిస్కోపు. శనిని ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) మధ్యకు తెచ్చి వరసలో మొదట ఉన్నవారిని పిలుస్తాను. భూమి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున పడమటికి జరిగిపోతుంటుంది. ఐపీస్‌లో కనిపించే మేర అర డిగ్రీ వెడల్పు ఉందనుకుంటే, మధ్యలో ఉన్న గ్రహం అంచు దాటిపోవడానికి ఒక్క నిమిషం చాలు. మొదటి ఇద్దరు ‘అబ్బ!’ అంటారు. మూడో మనిషి కన్ను పెట్టేసరికి గ్రహం వెళ్లిపోయి ఉంటుంది. “కనిపించిందా?” అని అడిగితే, “ఆ, కనిపించింది మేడమ్, చాలా బాగుంది” అని పక్కకు తప్పుకుంటారు. నేను వంగి చూస్తే అక్కడ ఉత్త చీకటి.

ఆ అబద్ధం ఎందుకు వస్తుందో నాకు తెలుసు. వెనక పదిమంది నిలబడి ఉన్నారు, ముందున్నవారు ముచ్చటపడి వెళ్లారు, తనకొక్కరికే ఏమీ కనిపించలేదంటే తన కంటిలోనో తెలివిలోనో లోపం ఉందనుకుంటారేమోనని భయం. దానికి కోప్పడితే ఆ భయం ఇంకాస్త పెరుగుతుంది, అంతే. అందుకే ఇప్పుడు “కనిపించిందా?” అని అడగడం మానేశాను. “ఎక్కడుంది, మధ్యలోనా, అంచునా?” అని అడుగుతున్నాను. లేదని చెప్పడానికి అప్పుడు నోరొస్తుంది.

నష్టం అక్కడితో ఆగితే ఇంత రాయనవసరం లేదు. చూడకుండా వెళ్లినవారు ఇంటికి వెళ్లి అంతర్జాలంలో ఒక ఫోటో తెరిచి నోట్‌బుక్‌లో బొమ్మ గీస్తారు. 2025 చివరి నెలల్లో ఇలాంటివారందరూ ఒకే దెబ్బకు దొరికిపోయారు. ఆ ఏడాది మార్చి 23న భూమి శని వలయాల తలాన్ని దాటింది, అంటే వలయాలు మనవైపు అంచు తిప్పాయి. నవంబరు చివర్లో కూడా వలయాల వాలు మనవైపు అర డిగ్రీకి లోపే. టెలిస్కోపులో శని అంటే ఒక చిన్న గుండ్రని చుక్క, దానికి అడ్డంగా ఉందో లేదో తెలియనంత సన్నటి గీత. నాకు అందిన నోట్‌బుక్కుల్లో మాత్రం వలయాలు బార్లా తెరుచుకుని, మధ్యలో నల్లటి ఖాళీతో సహా వైభవంగా ఉన్నాయి. అవి 2017 నాటి శని. అప్పుడు వాలు సుమారు 27 డిగ్రీలు. పైగా మా టెలిస్కోపులో బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. చంద్రుడి బిలాలు నోట్‌బుక్‌లో నిటారుగా ఉన్నాయంటే అవి ఏ యాప్ నుంచి దిగాయో వేరే చెప్పాలా? అదే తరగతిలో ఒక అమ్మాయి చిన్న గుండ్రని చుక్క గీసి, “వలయాలు కనిపించలేదు. రెండు పక్కలా ఏదో గీత ఉన్నట్టు అనిపించింది, నమ్మకంగా చెప్పలేను” అని రాసింది. ఆ ల్యాబ్‌లో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు ఆ పేజీకే.

1610లో గెలీలియో తన టెలిస్కోపులో శనిని చూసి మూడు గోళాలు పక్కపక్కన ఉన్నాయని రాశాడు. 1612లో చూస్తే పక్కవి రెండూ మాయం. అప్పుడూ భూమి వలయాల తలంలోకి వచ్చింది, కానీ అది వలయమని ఆయనకు తెలియదు. తెలియదు కాబట్టి గీయలేదు, కనిపించిందే గీశాడు. అది వలయమని వివరిస్తూ డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ పుస్తకం వేసింది 1659లో. గురుగ్రహం ఉపగ్రహాల మీద గెలీలియో రాసుకున్న నమోదులు ఇంకా ముచ్చటగా ఉంటాయి. 1610 జనవరి 7న గురుడి పక్కన మూడు చుక్కలు: తూర్పున రెండు, పడమట ఒకటి. 8న మూడూ పడమటే. 9న ఆకాశమంతా మబ్బులు, ఏమీ కనిపించలేదు. 10న రెండే, అవీ తూర్పున. నాలుగోది కనిపించింది 13న. ఆ 9వ తేదీ పక్కన రెండు రాత్రుల మధ్య సరిపడేలా ఒక బొమ్మ ఊహించి గీసుకోలేదాయన. నా విద్యార్థులు మాత్రం మబ్బు పట్టిన రాత్రికి కూడా నాలుగు చుక్కలు పెట్టి తెస్తారు!

అంకెల ల్యాబుల్లో ఇదే జబ్బు ఇంకో రూపంలో వస్తుంది. గెలాక్సీల వర్ణపటాల నుంచి విశ్వవ్యాకోచం రేటు, అంటే హబుల్ స్థిరాంకం లెక్కగట్టే ల్యాబ్ ఒకటుంటుంది. వర్ణపటంలో కాల్షియం వల్ల పడే గీత తన అసలు చోటు 393.4 నానోమీటర్ల నుంచి ఎంత జరిగిందో కొలిచి, దాన్నిబట్టి వేగం, ఆపైన దూరంతో గ్రాఫు. నిజాయతీగా చేస్తే 55 రావచ్చు, 95 రావచ్చు (ఒక్కో మెగాపార్సెక్ దూరానికి, అంటే సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాలకు, వేగం సెకనుకు ఎన్ని కిలోమీటర్లు పెరుగుతుందో చెప్పే అంకె ఇది). సమర్పించే నివేదికల్లో సగానికి 70 చిల్లర వస్తుంది, బిందువులన్నీ గీత మీద బుద్ధిగా కూర్చుని ఉంటాయి. రబ్బరుతో చెరిపిన పాత బిందువులు కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పడితే కనిపిస్తూనే ఉంటాయి. అవే అసలైనవి. వాటిని ఉంచేసి ఉంటే పూర్తి మార్కులు వచ్చేవి.

1929లో ఎడ్విన్ హబుల్‌కే ఆ విలువ సుమారు 500 వచ్చింది. ఇప్పటి విలువకు దాదాపు ఏడింతలు. ఆ లెక్కన విశ్వం వయసు దాదాపు 200 కోట్ల ఏళ్లే అవుతుంది, భూమి వయసు అంతకన్నా ఎక్కువ. దూరాల కొలతలో వాడిన సెఫీడ్ నక్షత్రాలు (వెలుగు క్రమం తప్పకుండా హెచ్చుతగ్గులయ్యేవి) రెండు రకాలని 1950ల్లో ఖగోళ శాస్త్రవేత్త వాల్టర్ బాడే తేల్చాక అంకె దిగడం మొదలైంది. ఇప్పటికీ ఒక పద్ధతిలో 67, మరో పద్ధతిలో 73 వస్తున్నాయి, నిపుణులు తలలు పట్టుకుంటున్నారు. ఇంతమందికి కుదరని అంకె రెండు గంటల ల్యాబ్‌లో మీకు కచ్చితంగా 70 వచ్చిందంటే నేను నమ్మాలా?

మరి తేడా వస్తే ఏం రాయాలి? “మానవ తప్పిదం వల్ల” అని మాత్రం రాయకండి. ఆ మాట చూస్తే నా కలం దానంతట అదే కొట్టేస్తుంది, దాని వల్ల ఏమీ తెలియదు. ఇలా రాయండి: ఆ గెలాక్సీలో గీత వెడల్పుగా, మసకగా ఉంది, దాని మధ్య ఎక్కడో అర నానోమీటరు అటూఇటూ తేల్చుకోలేకపోయాను, ఆ మేరకు వేగంలో సెకనుకు 380 కిలోమీటర్ల దాకా తేడా రావచ్చు. అంతే. ఒకే గీతను మూడుసార్లు కొలిచి మూడు అంకెలూ రాయండి, తేడా ఎంతో వాటిలోనే కనిపిస్తుంది. రాత్రి పరిశీలన అయితే తేదీ, సమయం, ఏ టెలిస్కోపు, ఏ ఐపీస్, ఆకాశం ఎలా ఉంది, వస్తువు ఏ దిక్కున ఎంత ఎత్తులో ఉంది, ఏం కనిపించింది, ఏం కనిపించలేదు. ఇవన్నీ అక్కడే, ఆ చీకట్లోనే రాయాలి. వంకరటింకర రాతకు మార్కులు తగ్గించను.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

అపోహ: చుక్కలు చూడటమే కదా, లెక్కలుండవు. ఉంటాయి. పది ఘాతాలు, నిష్పత్తులు, కొద్దిగా త్రికోణమితి, మాగ్నిట్యూడ్ల (నక్షత్రాల ప్రకాశాన్ని చెప్పే అంకెల) దగ్గర సంవర్గమానాలు. అయిదు మాగ్నిట్యూడ్ల తేడా అంటే ప్రకాశంలో నూరు రెట్లు. పరిచయ కోర్సులో సాధారణంగా కలన గణితం అడగరు. లెక్కలంటే వణుకు ఉన్నవారు మొదటి వారంలోనే వచ్చి చెప్పండి, పరీక్ష ముందు రోజు కాదు. పది ఘాతాలు ఒక సాయంత్రం కూర్చుంటే పట్టుబడతాయి, చాలామంది విషయంలో చూశాను.

అపోహ: సొంత టెలిస్కోపు ఉండాలి. అక్కర్లేదు. ముందు కళ్లతో ఆకాశం నేర్చుకోండి. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు, చిటికెన వేలు ఒక డిగ్రీ. సగం ల్యాబులకు ఈ కొలబద్ద చాలు. తర్వాత కావాలంటే బైనాక్యులర్లు. పెట్టె మీద ‘500 రెట్లు’ అని రాసి ఉన్న 60 మిల్లీమీటర్ల టెలిస్కోపు జోలికి పోకండి. పనికొచ్చే గరిష్ఠం మిల్లీమీటరుకు రెండు రెట్ల చొప్పున 120. ఆపైన మసకే పెద్దదవుతుంది.

అపోహ: ఫోటోల్లోని రంగులన్నీ కనిపిస్తాయి. కనిపించవు. మసక వెలుతురులో మన కంటికి రంగు తెలియదు, కెమెరా నిమిషాలు, గంటలు వెలుతురు పోగుచేసుకుంటుంది. ఆండ్రోమెడా గెలాక్సీ ఐపీస్‌లో బూడిదరంగు దూదిపింజలా ఉంటుంది. దాన్ని సూటిగా కాకుండా కాస్త పక్కకు చూడండి, అప్పుడే బాగా తెలుస్తుంది. నిరాశపడేవారికి ఒక మాట: ఆ వెలుతురు 25 లక్షల ఏళ్ల కిందట బయలుదేరింది. రంగు కావాలంటే ప్రకాశవంతమైన నక్షత్రాలను చూడండి. ఆర్ద్ర ఎరుపు కలిసిన నారింజ రంగు కళ్లకే తెలుస్తుంది. (అది రేపో మాపో పేలిపోతుందన్న వార్త నాకు పంపకండి. ఖగోళంలో ‘త్వరలో’ అంటే లక్ష ఏళ్లు కూడా కావచ్చు.)

అపోహ: పౌర్ణమి రాత్రి పరిశీలనకు మంచిది. అదే అన్నిటికన్నా చెడ్డది. ఆకాశమంతా తెల్లబారి మసక వస్తువులు మాయమవుతాయి. చంద్రుడి మీద కూడా నీడలు ఉండవు కాబట్టి బిలాలు చదునుగా కనిపిస్తాయి. సప్తమి, అష్టమి నాటి చంద్రుడిని వెలుగునీడల సరిహద్దు దగ్గర చూడండి.

అపోహ: కళ్లద్దాలుంటే టెలిస్కోపు పనికిరాదు. హ్రస్వదృష్టి, దీర్ఘదృష్టి ఉన్నవారు అద్దాలు తీసి ఫోకస్ తిప్పుకుంటే సరిపోతుంది. ఆస్టిగ్మాటిజం ఎక్కువగా ఉంటే అద్దాలతోనే చూడండి. వెనకవారు విసుక్కుంటారని ఫోకస్ తిప్పకుండా వెళ్లిపోకండి, విసుక్కుంటే నేను చూసుకుంటాను. ఫోను మాత్రం జేబులోనే ఉండాలి. చీకటికి కన్ను అలవాటుపడటానికి అరగంట దాకా పడుతుంది, ఒక్క తెల్లటి తెర వెలుగుతో అదంతా పోతుంది, మీకే కాదు, పక్కవారికి కూడా.

ధ్రువ నక్షత్రం అన్నిటికన్నా ప్రకాశవంతమైనది కాదు, తొలి నలభైలో కూడా లేదు. రుతువులు మారేది సూర్యుడి నుంచి దూరం వల్ల కాదు, భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉండటం వల్ల. భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో.

ఇక సూర్యుడి మచ్చలు గీసే ల్యాబ్. ఇందులో అపోహకు చోటే లేదు, చూపు పోతుంది. ఫిల్టర్ టెలిస్కోపు ముందు భాగానికి, వెలుతురు లోపలికి వచ్చే చోట ఉండాలి. ఐపీస్‌కు బిగించే చిన్న ఫిల్టర్లు వేడికి పగిలిపోతాయి, పాత పెట్టెల్లో ఇంకా దొరుకుతుంటాయి, పారేయండి. ఫైండర్‌కు (గురి చూసుకోవడానికి పక్కన బిగించే చిన్న టెలిస్కోపుకు) మూత ఉండాలి, దాన్నే అందరూ మరచిపోతారు. ఆ రోజు ఎంత ఆలస్యంగా వచ్చినా సరే, ఫిల్టర్‌నూ ఫైండర్ మూతనూ నాకు వేలితో చూపించాకే ఐపీస్ దగ్గరికి రావాలి.