చేనూ, పది రూపాయల నోటూ

బుజ్జీ, చిన్నా,

ఆదివారం ఫోన్‌లో మీరిద్దరూ చెరో ప్రశ్న అడిగారు. బుజ్జికి సగం జవాబు చెప్పాను. చిన్నాగాడు అడిగినదానికి మాత్రం "సిగ్నల్ సరిగ్గా లేదురా, తర్వాత చెప్తా" అన్నాను. సిగ్నల్ బాగానే ఉంది. నా దగ్గరే జవాబు లేదు. నాలుగు రోజులు ఆలోచించి ఇప్పుడు రాస్తున్నాను. వాట్సాప్‌లో పెడితే మీ అమ్మ ముందే చదివేసి రెండు ముక్కల్లో మీకు చెప్పేస్తుంది. అందుకని కాగితం, కవరు, స్టాంపు.

బుజ్జి అడిగింది ఇదీ: "తాతా, పది రూపాయల నోటు వెనక ఇన్ని భాషలెందుకు? ఒకటి చాలదా?" స్కూల్లో 'మన దేశంలో భిన్న సంస్కృతులు, దేశ నిర్మాణంలో యువత పాత్ర' అని వ్యాసం రాయమన్నారట. ఆ టెన్షన్‌లో ఉంది పాపం.

ముందు నోటు సంగతి. మీ అమ్మ పర్సులోంచి ఒక చాక్లెట్ రంగు నోటు అడిగి తీసుకోండి. కోణార్క చక్రం ఉన్నవైపు చిన్న చిన్న అక్షరాల్లో పదిహేను వరుసలుంటాయి. అస్సామీతో మొదలై ఉర్దూతో అయిపోతుంది. కింది నుంచి రెండోది మనది, "పది రూపాయలు". తెలుగుని అంత కిందకి ఎందుకు తోశారని చిన్నా అలగనక్కర్లేదు. భాషల పేర్లను ఇంగ్లీషు అక్షరాల వరుసలో పేర్చారు, అంతే. ఈ పదిహేనుకి హిందీ, ఇంగ్లీషు కలిపితే పదిహేడు. ఎందుకంటే, నోటు ఎవరి చేతిలో పడుతుందో ముద్రించేవాడికి తెలియదు కదా. ఎవరి చేతిలో పడినా వాళ్ళు "ఇది నాది" అనుకోవాలి.

ఫోన్‌లో నేను చెప్పింది దీని గురించి కాదు, మన చెల్క, అదే వాన మీద పండే మన చేను గురించి. మళ్ళీ చెప్తాను, ఎందుకంటే అప్పుడు కుక్కర్ మూడుసార్లు కూసింది, మీరు సగం వినలేదు.

నా చిన్నప్పుడు మన చెల్కలో ఒక్క పంట వేయడమనేది నేను చూడలేదు. మా నాయన గొర్రు తోలుతుంటే మా నాయనమ్మ వెనక నడుస్తూ గింజలు పోసేది. ఏడు సాళ్ళు జొన్న, ఒక సాలు కంది. జొన్నలో అక్కడక్కడా పెసర, అలసంద. గట్టు మీద ఆముదాలు. ఒక మూల పుంటికూర. బయటివాడు చూస్తే ఎవరో సంచి చింపుకుని పారబోసుకున్నారు అనుకుంటాడు. నాయనమ్మకి మాత్రం ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా తెలుసు.

పెసర తొందర పిల్ల. రెండు నెలలకే కాయ ఇచ్చేసి పని అయిపోయిందంటుంది. జొన్న ఎత్తుగా ఎదిగి నలుగురి కళ్ళలో పడుతుంది. కంది అలా కాదు. మొదటి రెండు నెలలు అసలు ఉందా లేదా అన్నట్టుంటుంది. ఆ రెండు నెలలూ అది కిందికి పెరుగుతుంది. జొన్న వేర్లు పైమట్టిలో తడి తాగుతుంటే ఇది లోతుకి పోయి అక్కడి తడి పట్టుకుంటుంది. దాని వేరు మీద చిన్న చిన్న బుడిపెలుంటాయి. వాటిలో కంటికి కనపడని సూక్ష్మజీవులు కాపురముండి, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి తిండిగా మారుస్తాయి. కంది రాల్చే ఆకు వచ్చే ఏడాది జొన్నకి ఎరువు. ఇదంతా నాయనమ్మకి తెలియదు. "కంది ఉన్న సాలు మరుసటేడు నల్లబడుతది" అని మాత్రం అనేది.

ఒక ఏడు వాన సగంలో ఆగిపోయింది. అప్పటికే పెసర ఇంటికొచ్చేసింది. జొన్న కంకి పాలు పోసుకోలేక ఎండింది, చొప్ప ఎద్దులకి పనికొచ్చింది. దసరా ముందు రెండు వానలు పడితే కంది లేచి కూర్చుంది. ఆ ఏడు మేం పెసరపప్పు, కందిపప్పు తిని బతికాం. చేనంతా జొన్నే వేసి ఉంటే మా నాయన కైకిలికి, అంటే కూలికి, పోవాల్సి వచ్చేది.

దేశం కూడా అట్లాంటిదే అన్నాను బుజ్జితో. అక్కడితో ఆగుంటే బాగుండేది. నేనాగలేదు. పంజాబ్ వాళ్ళు గోధుమ, తమిళనాడు వాళ్ళు వరి, మరి కంది ఎవరు, ఆముదం ఎవరు అని మొదలుపెట్టాను. గట్టు మీద ఆముదాన్ని ఏ రాష్ట్రానికి ఇవ్వాలో తేల్చుకోలేక తంటాలు పడుతుంటే చిన్నాగాడు అడిగేశాడు: "మరి కలుపు ఎవరు తాతా?"

అదీ నాకు జవాబు రాని ప్రశ్న.

దానికి వచ్చేముందు ఇంకో మాట. మన జహీరాబాద్ ఒకప్పుడు బీదర్ జిల్లాలో ఉండేది, హైదరాబాద్ రాష్ట్రంలో. 1956 నవంబర్ 1న భాషల ప్రకారం రాష్ట్రాలు మారాయి. నాకప్పుడు పదేళ్ళు. బీదర్‌లో ఉన్న మా మేనత్త మైసూరు రాష్ట్రానికి పోయింది. ఉద్‌గీర్‌లో ఉన్న మా పెద్దమ్మ బొంబాయి రాష్ట్రానికి పోయింది. మేం ఆంధ్రప్రదేశ్‌కి, మెదక్ జిల్లాకి వచ్చాం. పోవడం, రావడం అంటున్నాను కానీ ఎవరూ గడప దాటలేదు. ఇప్పుడు మనది తెలంగాణ, సంగారెడ్డి జిల్లా. మంచం జరపకుండానే నేను మూడు రాష్ట్రాలు, మూడు జిల్లాలు చూశాను.

పండక్కి మేనత్త వస్తే పాలని "హాలు" అనేది. మేం పిల్లలం పడీ పడీ నవ్వేవాళ్ళం. పులిని "హులి" అనేది. పువ్వుని "హూవు" అనేది. నవ్వి నవ్వి అలసిపోయాక మా అక్క ఒకటి కనిపెట్టింది: మనం 'ప' అన్నచోట అత్త 'హ' అంటోంది! ఇక చూడండి, ఆ రోజంతా ఇంట్లో 'ప' ఉన్న మాటనల్లా 'హ' చేసి చూశాం. కొన్ని కుదిరాయి, కొన్నిటికి అత్తే నవ్వింది. పది హత్తు అయింది. మా బడిలో ఏ పంతులూ చెప్పని వ్యాకరణం అది. నోటు మీద కన్నడ వరుస చూడండి, హత్తు దొరుకుతుంది. తమిళంలో, మలయాళంలో పత్తు. అందరూ ఒక చేతివేళ్ళూ రెండో చేతివేళ్ళూ కలిపి లెక్కపెట్టిన వాళ్ళే కదా.

ఇప్పుడు కలుపు.

మొదటి రోజు కూర్చుని "కలుపు అంటే లంచగొండులు, దొంగలు" అని సగం పేజీ రాశాను. బాగుందనిపించింది. సాయంత్రం చదువుకుంటే నాకే చప్పగా అనిపించింది. చింపేశాను. ఎందుకంటే 'కలుపు' అన్న మాటని నిజంగా నేను ఎక్కడ విన్నానో గుర్తొచ్చింది.

నాలుగో తరగతిలో నా పక్కన తండా నుంచి వచ్చే ఒక లంబాడీ అబ్బాయి కూర్చునేవాడు. దాహం వేసి లేచి నిలబడి "పాణీ" అన్నాడొకసారి. పంతులు బెత్తం తీసుకుని, నీళ్ళు అనడం వచ్చేదాకా చేతి మీద కొట్టాడు. "మంచి చేన్లో కలుపు మొక్కలు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఉద్‌గీర్ పెద్దమ్మ మరాఠీలో నీళ్ళని పాణీ అనే అనేది, ఆమె అంటే మా నాయన లేచి చెంబు తెచ్చి ఇచ్చేవాడు. ఆ మాట నాకప్పుడు తట్టలేదు. ఆ అబ్బాయి దసరా సెలవుల తర్వాత మళ్ళీ బడికి రాలేదు. నా పలక, వాడి పలక ఒకేచోట పెట్టుకునేవాళ్ళం.

బుజ్జీ, నోటు మీద లంబాడీ లేదు. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ తమ భాష అని చెప్పినవాళ్ళు 32 లక్షలకు పైనే. ఆ లెక్కని హిందీ కింద కలిపి రాశారు. గోండీ మాట్లాడేవాళ్ళు దాదాపు 30 లక్షలు, అదీ లేదు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్నవి 22 భాషలైతే వాటిలోనూ ఆరు నోటు ఎక్కలేదు. సంతాలీ, మైథిలీ, సింధీ, బోడో, డోగ్రీ, మణిపురీ. నోటు చిన్నది, నిజమే. అన్నీ పట్టవు. పట్టనివి ఉన్నాయని మాత్రం వ్యాసంలో ఒక వాక్యం రాయి. మార్కులు తగ్గితే నేనిస్తాను.

మరి కలుపు లేనే లేదా అంటాడు చిన్నా. ఉంది. రోడ్డు పక్కన తెల్లపూల వయ్యారిభామ చూశావు కదా, ముట్టుకుంటే దద్దుర్లొస్తాయి. అది ఈ దేశంలో మొలిచింది కాదు, ఎక్కడో అమెరికా ఖండాల నుంచి వచ్చింది. పరాయిది కాబట్టి చెడ్డదంటావేమో. మిరపకాయ కూడా అక్కణ్ణుంచే వచ్చింది, పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో. టమాటా, ఆలుగడ్డ, పల్లికాయ, అన్నీ ఆ దారినే వచ్చాయి. మిరపకాయ లేకుండా మీ నాయన ఒక్కపూట అన్నం తినమను చూద్దాం! వయ్యారిభామ తప్పు వేరే ఉంది. అది పక్కన ఇంకో మొక్కని మొలవనివ్వదు. తన వేళ్ళలోంచి, ఆకుల్లోంచి మట్టిలోకి విషం లాంటిది వదిలి, చేనంతా నేనే ఉండాలంటుంది. చిన్నా, అటువంటి బుద్ధి ఏ మనిషిలోనైనా, ఏ గుంపులోనైనా కనపడితే దాన్ని కలుపు అనుకో. తెలుగువాళ్ళలో కనపడినా సరే.

ఇక గునుగు సంగతి. జొన్నచేన్లో మా నాయన తిట్టుకుంటూ పీకేసే మొక్కల్లో గునుగు మొదటిది. ఎంత పీకినా వస్తుంది. పెత్రమాసకి, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకి, మాత్రం మా అమ్మ అదే చేను గట్టున నిలబడి, "అన్నీ పీకినవా? బతుకమ్మకి ఏం పెట్టాలె?" అని నాయన మీద కేకలేసేది. గునుగు, తంగేడు లేకుండా బతుకమ్మ ఎక్కడిది? పొద్దున తిట్లు తిన్న మొక్కే సాయంత్రానికి రంగులద్దుకుని తాంబాళంలో గౌరమ్మకి పీఠమై కూర్చుంటుంది. దీన్ని ఎలా వివరించాలో నాకు తెలియదు. చేనుని దేశంతో పోల్చడం ఇక్కడితో ఆపేస్తున్నాను, అది నా చేతిలోంచి జారిపోయింది. మనుషుల్ని ఎవరూ గొర్రుతో విత్తలేదు కూడా.

ఒకటి గుర్తొచ్చింది, రాసి పెడతాను. బతుకమ్మకి మీ నాయనమ్మ చేసే మలీద ముద్దలు, రొట్టెలో బెల్లం వేసి పిసికినవి, పీర్ల పండగకి పీర్ల ముందు పెట్టేదీ అదే మలీద. పేరు కూడా అదే.

వ్యాసంలో 'యువత పాత్ర' అని ఉంది కదా. పాత్ర అంటే నాకు నాటకం గుర్తురాదు, మా నాయనమ్మ విత్తనాల కుండ గుర్తొస్తుంది. బూడిద, వేపాకు వేసి, మూతికి మట్టి మెత్తి అటక మీద పెట్టేది. ఎంత ఆకలైనా ఆ కుండ దించనిచ్చేది కాదు. అందులో ఉన్నది తినడానికి కాదు కదా. నేను పట్టించుకోలేదు. ఉద్యోగం వచ్చింది, పట్నం పోయాను, ఆమె పోయాక కుండ ఎవరు దించారో తెలియదు. ఆ జొన్న రకం ఇప్పుడు మన ఊళ్ళో లేదు. ఇది నా తప్పు, వ్యాసంలో రాయకు.

అయితే మన పక్కనే మాచ్‌నూరులో 2008లో సంఘం రేడియో అని పెట్టారు. పెట్టింది, నడిపింది దళిత రైతు కుటుంబాల ఆడవాళ్ళు. మైకు ముందు కూర్చున్నది ఊరి అమ్మాయిలు. వాళ్ళు రేడియో తెలుగు మాట్లాడరు. మన మాట, మన యాసే. సాయంత్రం విత్తనాల గురించి, పాత పాటల గురించి చెప్తుంటే మొదటిసారి విన్నప్పుడు నాకు మా నాయనమ్మ గొంతు విన్నట్టయింది. అట్లాగే ఆదిలాబాద్ జిల్లాలో గుంజాల అని ఒక ఊరుంది. అక్కడ గోండీ లిపిలో రాసిన పాత పుస్తకాలు ఇళ్ళలో దొరికాయి. చదవగలిగిన పెద్దవాళ్ళు కొద్దిమందే మిగిలారు. వాళ్ళ దగ్గర ఊరి పిల్లలు, కుర్రవాళ్ళు కూర్చుని నేర్చుకున్నారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ గుర్తుపట్టే అక్షరాల పట్టికలోకి, వచ్చింది. కుండ అటక మీంచి ఫోన్‌లోకి దిగిందన్నమాట.

మీకు అంత పెద్ద పనేం చెప్పను. నోటు తీసుకుని మీ వీధిలోకి వెళ్ళండి. పదిహేను వరుసల్లో ఎన్ని వరుసలు చదివేవాళ్ళు మీ వీధిలోనే ఉన్నారో చూడండి. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నేపాల్ వైపు మనిషి అన్నావు కదా బుజ్జీ. ఎదురుగా కట్టే బిల్డింగులో ఒడిశా మేస్త్రీలున్నారు. మిఠాయి కొట్టు గుజరాతీ వాళ్ళది. మీ సైన్స్ టీచర్ మలయాళీ. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి, "అంకుల్, మీ భాషలో ఇది చదివి పెట్టరా" అని అడగండి. చదివేటప్పుడు నోటు చూడకండి, వాళ్ళ ముఖం చూడండి. ఎన్ని వరుసలు పూర్తయ్యాయో నాకు రాయండి. కశ్మీరీ దొరకడం కష్టం, స్వెట్టర్లు అమ్మేవాళ్ళు వచ్చేదాకా ఆగండి. ఆ నోటుతో చాక్లెట్లు కొనకండి.

పెత్రమాస ఇంకా పన్నెండు రోజులుంది. రెండు రోజులు ముందే రండి. చేన్లో కంది ఇప్పుడు మీ నడుమంత ఉంది, ఒక్క మొక్క పీకనిస్తాను, వేరు మీద బుడిపెలు చూద్దురు గాని. ఈసారి పాలేరుకి చెప్పి దక్షిణం గట్టున గునుగు పీకవద్దన్నాను. మంచుతో తడిసి ఉన్నప్పుడే కోయాలి, కాబట్టి ఐదింటికి లేవాలి. కొడవలి నా దగ్గరుంది, సంచులు మీరు తెచ్చుకోండి.

మీ తాత