పేరు ఒక్కటే, మనుషులు వేరు: మార్చుకోవలసింది ఎవరు?

1899 జూన్‌లో విన్‌స్టన్ చర్చిల్‌కు విన్‌స్టన్ చర్చిల్ ఒక ఉత్తరం రాశారు. రాసిన వ్యక్తి లండన్‌లో ఉన్న ఇరవై నాలుగేళ్ల యువకుడు. సైన్యంలో పనిచేస్తూనే పత్రికలకు యుద్ధ వార్తలు పంపినవాడు. అందుకున్న వ్యక్తి అమెరికా నవలా రచయిత, ఆ ఏడాదే వెలువడిన చారిత్రక నవలతో పేరు మారుమోగుతున్నవాడు. ఇద్దరికీ ఏ బంధుత్వమూ లేదు. లండన్ చర్చిల్ కూడా అప్పుడే ఒక నవల రాసి పత్రికలో ధారావాహికగా వేయిస్తున్నారు. నవలలు బాగా రాస్తారని నలుగురూ మెచ్చుకుంటుంటే తన రచన గురించే అనుకుని మొదట సంతోషించానని తర్వాత ఆయనే రాసుకున్నారు. ఆ మెప్పంతా అట్లాంటిక్ అవతలి చర్చిల్‌కు దక్కాల్సినదని ఆలస్యంగా తెలిసింది.

ఉత్తరంలో ఇద్దరినీ ‘మిస్టర్ విన్‌స్టన్ చర్చిల్’ అనే ప్రస్తావించారు. కావాలని చేసిన చమత్కారమే అది. ఇద్దరి పుస్తకాలూ తారుమారయ్యే ప్రమాదం ఉందన్న సంగతి ఆ ఉత్తరం చదివితేనే అర్థమవుతుందని ఆయన వాదన. ఇకపై తన రచనలన్నిటిపైనా ‘విన్‌స్టన్ స్పెన్సర్ చర్చిల్’ అని వేసుకుంటానని మాట ఇచ్చారు. అమెరికా చర్చిల్ కూడా అదే ధోరణిలో బదులిచ్చారు: తనకు ఇంకో పేరంటూ ఉంటే తప్పక దాన్నే వాడుకునేవాడినని. ఆ ‘స్పెన్సర్’ క్రమంగా ‘ఎస్’గా కుదించుకుపోయినా, బ్రిటిష్ చర్చిల్ పుస్తకాల మీద జీవితాంతం నిలిచిపోయింది. ఇక్కడ తగ్గినది ఎవరో గమనించాలి: అప్పటికి తక్కువ పేరున్న మనిషి. 1953లో సాహిత్య నోబెల్ వచ్చింది మాత్రం ఆయనకే. అమెరికా చర్చిల్ 1947లోనే కన్నుమూశారు. ఈనాడు ఆయన్ను పరిచయం చేయాలంటే ‘ఆ చర్చిల్ కాదు’ అని మొదలుపెట్టాలి.

ఈ తంటా కొత్తది కాదు. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో, సిసెరో కాలంలో, మాగ్నీషియాకు చెందిన డెమెట్రియస్ అనే గ్రీకు పండితుడు ఒకే పేరున్న కవుల మీద, రచయితల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. అది ఇప్పుడు లేదు. అయితే తత్వవేత్తల జీవితాలను సంకలనం చేసిన డయోజనీస్ లయర్షియస్ దాన్ని విరివిగా వాడుకోవడం వల్ల కొంత మిగిలింది. ఒక్కో తత్వవేత్త కథ ముగిశాక, అదే పేరుతో ఇంకెవరెవరున్నారో ఆయన వరుసగా చెబుతారు. తొలి గ్రీకు తత్వవేత్తగా మనం చదువుకునే థేలీస్‌కు మరో ఐదుగురు థేలీస్‌లు తోడున్నారు. వారిలో ఒకరు కృత్రిమ శైలి గల వక్త, ఒకరు గొప్ప ప్రతిభ ఉన్న చిత్రకారుడు. సాక్రటీస్‌లూ పలువురే: ఆర్గోస్ గురించి రాసిన చరిత్రకారుడు ఒకరు, చిన్న పద్యాలు కట్టిన కవి ఒకరు, కోస్ ద్వీపం నుంచి ఒకరు. అసలు కథకన్నా చివరి ఈ జాబితాలే నాకు ఎక్కువ ఆసక్తి కలిగిస్తాయి. మనం సాక్రటీస్ అంటే ఒక్కరే అనుకుంటాం. ఆనాటివారికి ఏ సాక్రటీస్ అని అడగాల్సి వచ్చేది.

నిజానికి పేర్లు కలిసినంత మాత్రాన చిక్కు రాదు. తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ 1626లో మరణించారు, చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ 1909లో పుట్టారు. వారిద్దరి మధ్య దాదాపు మూడు శతాబ్దాల ఎడముంది కాబట్టి ఒకరికి రావలసిన ఉత్తరం మరొకరికి చేరే ప్రమాదం లేదు. రెండు పేర్లూ ఒకే పట్టికలోకి ఎక్కినప్పుడే గొడవ మొదలవుతుంది. ఆ పట్టిక సినిమా తెర మీది పేర్ల వరుస కావచ్చు, గ్రంథాలయ సూచిక కావచ్చు, విమాన ప్రయాణికుల జాబితా కావచ్చు.

సినిమావాళ్ల పరిష్కారం కటువైనది. అమెరికాలో 1933లో ఏర్పడిన స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ అనే నటుల సంఘం, ఇద్దరు సభ్యులు ఒకే వృత్తినామం వాడకుండా నియమం పెట్టుకుంది. ముందు నమోదైనవారిదే పేరు. మైకేల్ డగ్లస్‌గా పుట్టిన నటుడు మైకేల్ కీటన్ అయ్యారు. అప్పటికే మైకేల్ ఫాక్స్ అనే నటుడు ఉండటంతో కొత్తగా వచ్చిన మైకేల్ ఫాక్స్ మధ్యలో ‘జె’ చేర్చుకున్నారు. ఆయన అసలు మధ్య పేరు ఆండ్రూ. ఆ ‘జె’ మరో నటుడి మీద అభిమానంతో తెచ్చుకున్నది. చివరకు లోకమంతా గుర్తుపెట్టుకున్నది ఆ అరువు అక్షరాన్నే. సంఘాల పరిధి దాటితే ఒత్తిడి సడలుతుంది. హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ 1980లో చనిపోయారు. అదే పేరున్న బ్రిటిష్ కళాకారుడు 1999లో కళారంగంలో ఇచ్చే టర్నర్ బహుమతి, 2014లో ఉత్తమ చిత్రం ఆస్కార్ గెలుచుకున్నారు, పేరులో ఒక్క అక్షరమూ మార్చుకోకుండానే.

ముగ్గురు మైకేల్ జోర్డాన్‌ల సంగతి చూస్తే ఈ లెక్క ఇంకా స్పష్టమవుతుంది. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మెషీన్ లెర్నింగ్ రంగాన్ని తీర్చిదిద్దిన ఆచార్యుడు ‘మైకేల్ ఐ. జోర్డాన్’, నటుడు ‘మైకేల్ బి. జోర్డాన్’. బాస్కెట్‌బాల్ క్రీడాకారుడికీ జెఫ్రీ అనే మధ్య పేరుంది, కానీ దాన్ని వాడాల్సిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు. వయసులో ఆచార్యుడే పెద్ద. అయినా పేరు ఎవరి సొత్తో నిర్ణయించేది వయసు కాదు.

గ్రంథాలయాలు కీర్తిని లెక్కలోకి తీసుకోలేదు. ఒక రచయిత పుస్తకాలన్నీ ఒక్కచోట కనిపించాలన్నది 1876లో అమెరికా గ్రంథాలయ నిపుణుడు చార్లెస్ కటర్ సూచికలకు పెట్టిన లక్ష్యాల్లో ఒకటి. అలా కనిపించాలంటే ఇద్దరు చర్చిల్‌లను ముందుగా విడదీయాలి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాబితాలో వారు ‘చర్చిల్, విన్‌స్టన్, 1871-1947’, ‘చర్చిల్, విన్‌స్టన్, 1874-1965’గా ఉంటారు. ఎవరి పేరూ మార్చలేదు, ఎవరినీ తగ్గించలేదు. ఇన్ని పద్ధతుల్లో న్యాయంగా తోచేది నాకు ఇదే.

విమానాశ్రయాలకు ఈ తెలివి రావడానికి చాలా కాలం పట్టింది. నాలుగు దశాబ్దాలకు పైగా అమెరికా సెనేటర్‌గా ఉన్న ఎడ్వర్డ్ కెనెడీని విమానాశ్రయాల్లో పలుమార్లు ఆపేశారు, ‘టి. కెనెడీ’ అనే మారుపేరు అనుమానితుల జాబితాలో ఉండటమే కారణం. 2004లో సెనేట్ కమిటీ విచారణలో ఆయనే ఈ సంగతి బయటపెట్టారు. అంతటి ప్రముఖుడికే ఇబ్బంది తప్పకపోతే, అదే పేరున్న మామూలు ప్రయాణికుడి గతి ఏమిటో ఊహించుకోవచ్చు. 2009 నుంచి అమలైన కొత్త విధానంలో ప్రయాణికుల పూర్తి పేరుతో పాటు పుట్టిన తేదీ, లింగం కూడా అడగడం మొదలైంది. సూచికలు రాసేవారు ఏనాడో కనిపెట్టిన ఉపాయమే ఇది.

శాస్త్ర పత్రికల్లో చిక్కు మరో రకం. చైనా లిపిలో వేర్వేరుగా రాసే పేర్లు రోమన్ అక్షరాల్లోకి వచ్చేసరికి ‘వేయ్ వాంగ్’ అని ఒకే ముద్దగా మారతాయి. అందుకే ఫిజికల్ రివ్యూ పత్రికలు 2007 చివర్లో చైనా, జపాన్, కొరియా రచయితలు తమ లిపిలోనూ పేరు వేసుకునే వీలు కల్పించాయి. 2012లో ఓర్కిడ్ (ORCID) వచ్చింది: ఒక్కో పరిశోధకుడికి పదహారు స్థానాల సంఖ్య. పేరు మారినా, ఉద్యోగం మారినా ఆ సంఖ్య మారదు. కానీ దాన్ని ఎవరికి వారే నమోదు చేసుకోవాలి. అంతకుముందే చనిపోయిన వాంగ్‌ల వ్యాసాలను ఎవరివి వారికి పంచే పని ఇప్పటికీ సూచికలు రాసేవారి మీదే ఉంది.