ఏసీ జబ్బులన్నిటికీ గ్యాసే మందా?

ఏసీ చల్లగా లేదని ఒకరు అనగానే, పక్కన ఉన్నవారు దాదాపు ఆలోచించకుండానే ‘గ్యాస్ అయిపోయి ఉంటుంది’ అంటారు. ఆ మాట వెనుక వంటింటి సిలిండర్ బొమ్మ మెదులుతూ ఉంటుంది. వంటగ్యాస్ మండుతుంది కాబట్టి ఖర్చవుతుంది. ఏసీ గ్యాస్ పని చేసేటప్పుడు మండదు, అరిగిపోదు. బిర్రుగా మూసిన రాగి గొట్టాల వలయంలో నింపింది నింపినట్టే తిరుగుతూ ఉంటుంది. చిల్లి పడని యంత్రానికి పదేళ్లు గడిచినా గ్యాస్ నింపవలసిన పని రాకపోవచ్చు. నా ఉద్దేశంలో, ఇంటి ఏసీకి వచ్చే తిప్పలను ఆ మూసిన వలయం లోపల వెతకడానికి ముందు, దాని మీదుగా వెళ్లే గాలిలోనూ దాని మీద నుంచి కారే నీటిలోనూ వెతకాలి. గాలి చేతికి తగిలేది, నీరు కంటికి కనబడేది కాబట్టి వాటిని ఇంటివారే చూసుకోవచ్చు.

ఏసీ చలిని తయారు చేయదు, గదిలోని వేడిని మోసుకుపోయి బయట వదిలిపెడుతుంది. ఒంటి మీద చెమట ఆరేటప్పుడు చల్లగా అనిపించడానికి ఏది కారణమో, ఇక్కడా అదే కారణం: ద్రవం ఆవిరి కావాలంటే ఎక్కడి నుంచో వేడిని తీసుకోవాలి. ఇప్పటి ఏసీలలో ఎక్కువగా వాడే ఆర్-32 అనే గ్యాస్ మామూలు వాతావరణ పీడనంలో సుమారు మైనస్ 52 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. గది లోపలి రాగి గొట్టాల చుట్టలో, అంటే కాయిల్‌లో అది 5 నుంచి 10 డిగ్రీల దగ్గర మరిగేటట్టుగా పీడనాన్ని అమర్చుతారు. మరిగి ఆవిరైన గ్యాస్‌ను కంప్రెసర్ పిండినట్టు నొక్కేసరికి దాని వేడి బయటి ఎండను మించిపోతుంది. అందువల్లనే బయట 40 డిగ్రీలు కాస్తున్నా అవుట్‌డోర్ యూనిట్ కాయిల్ అంతకన్నా వేడిగా ఉండి, తన వేడిని ఆ ఎండగాలికే అప్పగించగలుగుతుంది. అక్కడ గ్యాస్ మళ్లీ ద్రవమై, సన్నని దారిలో దూరి, పీడనం కోల్పోయి, చల్లబడి లోపలికి వస్తుంది.

ఇలా మోసే వేడి ఎంతటిదో ‘టన్ను’ అనే మాటలోనే ఉంది. ఒక టన్ను ఏసీ అంటే దాని బరువని కొందరు అనుకుంటారు కానీ, అది మంచుగడ్డలతో చల్లబరిచిన కాలం నాటి కొలత. సుమారు 907 కిలోల మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని అదే వ్యవధిలో తీసివేయగల యంత్రం ఒక టన్నుది. ఇప్పటి లెక్కలో 3.5 కిలోవాట్లు. ఇంత వేడి చేతులు మారడానికి మధ్యవర్తి గాలి ఒక్కటే. గాలి ఆడకపోతే, లోపల గ్యాస్ నిండుగా ఉన్నా ఏసీ ఏమీ చేయలేదు.

ఇక ఫిల్టర్ దగ్గరికి వద్దాం. ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ నిమిషానికి సుమారు 500 ఘనపుటడుగుల గాలిని లాగుతుందనుకుంటే, పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలోని గాలికి సమానమైన గాలి మూడు నిమిషాలలోపే దాని గుండా వెళుతుంది. మూడు వారాలు శుభ్రం చేయని ఫిల్టర్‌ను బయటకు లాగి కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూస్తే ఆ లెక్కకు అర్థం తెలుస్తుంది. బూడిదరంగు నూగు పలుచని దుప్పటిలా అల్లుకుని, దువ్వెనలో చిక్కినట్టు రెండు మూడు వెంట్రుకలు అందులో ఇరుక్కుని, వెలుగు అక్కడక్కడ చుక్కలుగా తప్ప రాదు. ముందు దుమ్ము పట్టని వైపు నుంచి నీళ్లు పోయాలి; దుమ్ము వైపు నుంచి పోస్తే ఆ నూగు జల్లెడ కన్నాల్లోకి ఇంకా గట్టిగా దిగబడుతుంది. వేడినీళ్లు, గట్టి బ్రష్షు వాడితే సన్నని జాలీ వంకరపోతుంది. నీడలో పూర్తిగా ఆరిన తరువాతనే తిరిగి పెట్టాలి. రోజూ ఏసీ వాడే ఇంట్లో రెండు వారాలకొకసారి ఈ పని చేయడం మంచిది, దుమ్ము ఎక్కువైన చోట ఇంకా ముందే చేయాలి. ఏసీకి ఇంటివారు చేయగల సేవల్లో దీనికి సాటి వచ్చేది మరొకటి లేదు. అయినా ఎక్కువ మంది వాయిదా వేసేది కూడా దీన్నే.

ఫిల్టర్ ఎంత శుభ్రంగా ఉన్నా, దాన్ని దాటుకుని వెళ్లిన సన్నని ధూళి తడిగా ఉండే కాయిల్ రేకులకూ, ఆ వెనుక తిరిగే బ్లోవర్ రెక్కలకూ అంటుకుంటుంది. ఏసీ వేయగానే కాసేపు ముక్కవాసన, పులిసిన వాసన వస్తుంటే, ఆ తడి ధూళి మీద సూక్ష్మజీవులు కాపురం పెట్టాయన్నమాట. అగరుబత్తి వెలిగించినందువల్ల, సుగంధం చల్లినందువల్ల అది పోదు. కాయిల్, బ్లోవర్, నీటి తొట్టి మూడింటినీ కడిగించాలి. కడగడానికి ఘాటైన ఆమ్లాలు వాడనివ్వకూడదు. అల్యూమినియం రేకులు పలచనివి, రాగి కూడా కొన్ని ఆమ్లాలకు లోబడుతుంది. ముఖ్యంగా ఫార్మిక్ ఆమ్లం రాగిలో చీమలపుట్ట సొరంగాల వంటి కంటికి కనిపించని దారులు తొలిచి, చివరకు గ్యాస్ కారే చిల్లి చేస్తుంది.

నీటి సంగతి ఇంకా విచిత్రమైనది. అమెరికా ఇంజినీరు విల్లిస్ క్యారియర్ 1902లో తన మొదటి యంత్రానికి రూపకల్పన చేసింది మనుషులను చల్లబరచడానికి కాదు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో గాలి తేమకు కాగితం సాగి రంగులు ఒకదానిపై ఒకటి సరిగా పడకపోతుంటే, ఆ తేమను అదుపు చేయడానికి. ఇప్పటి ఏసీ కూడా ఆ పని మానలేదు. చల్లని గ్లాసు చెమర్చినట్టే కాయిల్ చెమరుస్తుంది, ఆ నీరు తొట్టిలో పడి పైపు గుండా బయటకు పోతుంది. ఒక లీటరు నీరు అలా ఆవిరి నుంచి దిగిందంటే, యంత్రం దాదాపు 0.7 కిలోవాట్-గంటల వేడిని కేవలం తేమను నీరుగా మార్చడానికే తీసివేసిందని లెక్క. ముసురు పట్టిన రోజుల్లో ఏసీ గదిని మెల్లగా చల్లబరచడం లోపం కాకపోవచ్చు. బయట పైపు కింద బకెట్ పెట్టి చూస్తే, దాని శక్తిలో కొంత ఎక్కడికి పోతున్నదో కనబడుతుంది.

ఇండోర్ యూనిట్ నుంచి గోడ మీదికి నీళ్లు కారుతుంటే మొదట అనుమానించవలసింది డ్రెయిన్ పైపునే. తొట్టిలోని ధూళి, తడి కలిసి పాకుడుగా మారి పైపు నోటిని మూసేస్తాయి. లేదా పైపు మధ్యలో పైకి వంగి నీరు నిలిచిపోతుంది. లేదా దాని కొస బకెట్‌లోని నీటిలో మునిగి ఉంటుంది. నీరు వాలును నమ్ముకుని నడిచేది కనుక, పైపు మొదలు నుంచి చివరి దాకా కిందికే దిగాలి. ఏసీ నడుస్తున్నా, తేమ ఉన్న రోజున బయట చుక్క నీరు పడకపోతే, గోడ తడవకముందే పైపును కడిగించడం మేలు.

అన్నిటికన్నా ఎక్కువగా మనుషులను తికమకపెట్టే లక్షణం కాయిల్ మీద మంచు గడ్డకట్టడం. మంచు పట్టిందంటే ఏసీ బాగా చల్లబరుస్తోందని సంతోషించేవారూ ఉన్నారు. దీనికి రెండు కారణాలు ముఖ్యమైనవి. గాలి తగినంత ఆడకపోతే కాయిల్‌కు చేరే వేడి తగ్గి, దాని మీది చెమట సున్నా డిగ్రీలకు దిగి గడ్డకడుతుంది. గ్యాస్ తగ్గినా అదే జరుగుతుంది: పీడనం పడిపోతే మరిగే ఉష్ణోగ్రత కూడా పడిపోతుంది కాబట్టి, ఉన్న కొద్దిపాటి ద్రవం కాయిల్ మొదట్లోనే అతి చల్లగా మరిగిపోతుంది. గాలి లోపమైతే సాధారణంగా కాయిల్ నిండా ఒకే రీతిగా మంచు పరుచుకుని, గ్యాస్ బయటికి తిరిగి వెళ్లే లావు పైపు దాకా పాకుతుంది. గ్యాస్ లోపమైతే ద్రవం లోపలికి వచ్చే సన్నని పైపు మీదా, కాయిల్‌లో ఒక మూల మాత్రమే తెల్లగా పేరుకుని, తక్కిన భాగం గోరువెచ్చగా ఉంటుంది. రెండిటిలో ఏదైనా సరే, చల్లబరచడం ఆపి ఫ్యాన్ మాత్రమే నడిపి మంచును కరగనివ్వాలి. కత్తితోనో స్పూనుతోనో గీకినవారు మంచుతో పాటు రాగి గొట్టాన్ని కూడా చీల్చుకుంటారు. కరిగిన తరువాత శుభ్రమైన ఫిల్టర్ పెట్టి నడిపినా మంచు తిరిగి వస్తే, అప్పుడు మెకానిక్‌ను పిలవాలి.

లోపలికి వచ్చే గాలి ఎంత ముఖ్యమో బయటి గాలి కూడా అంతే. ఎండ తగలకూడదని అవుట్‌డోర్ యూనిట్‌ను చెక్కపెట్టెలో బంధించినట్టు మూసేస్తే, అది వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. నీడ మంచిదే, గాలి మూసే నీడ మాత్రం కాదు. పట్టిన దుమ్మును విద్యుత్తు పూర్తిగా ఆపి, మామూలు నీటిధారతో కడగాలి. ఒత్తిడి పెంచిన ధార పలుచని రేకులను నొక్కేసి, మూసుకుపోయిన దారులను ఇంకా మూసేస్తుంది.

కొన్ని ఫిర్యాదులు అసలు జబ్బులే కావు. ఆపిన వెంటనే వేస్తే ఏసీ సుమారు మూడు నిమిషాలు పలకదు. వలయంలో రెండు వైపుల పీడనాలు సర్దుకునే దాకా కంప్రెసర్‌ను మొదలుపెట్టకుండా యంత్రమే ఆగుతుంది. ఆపాక వినిపించే బుసబుస, ప్లాస్టిక్ పెట్టె చల్లబడి ముడుచుకునేటప్పటి టపటప కూడా సహజమే. రిమోట్ మీద మంచుపువ్వు గుర్తు ఉండవలసిన చోట ఫ్యాన్ గుర్తు ఉండటం వల్ల చల్లబరచని ఏసీలు కూడా ఉంటాయి, దాన్ని సరిచూసుకున్నాకే ఫోన్ చేయడం మర్యాద. దీనికి భిన్నంగా, బయటి కంప్రెసర్ గుర్రుమని ఆగిపోతూ ఉంటే దాన్ని మొదలుపెట్టించే కెపాసిటర్ అనే భాగం పాడై ఉండవచ్చు. విద్యుత్తు ఆపినా కెపాసిటర్‌లో విద్యుదావేశం నిలిచి ఉంటుంది కాబట్టి దాని మూత ఇంటివారు తీయకూడదు. కాలిన వాసన వచ్చినా, ఎమ్‌సీబీ పదేపదే పడిపోతున్నా ఆపివేసి పెట్టడమే సరి.

ఏసీ బాగుందో లేదో తెలుసుకోవడానికి ఒక థర్మామీటర్ చాలు. నడిపిన పావుగంటకు, లోపలికి పీల్చుకునే గాలికీ బయటకు వచ్చే గాలికీ మధ్య 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే వలయం తన పని తాను చేస్తున్నట్టే. బాగా తేమ ఉన్న రోజునా, అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఇన్వర్టర్ ఏసీ నిదానంగా నడిచేటప్పుడూ ఈ తేడా తగ్గుతుంది కాబట్టి, ఏసీ పూర్తి వేగంతో నడిచేటప్పుడే కొలవాలి.

ఇవన్నీ చూశాక గ్యాస్ నిజంగానే తగ్గిందని తేలితే, నింపడానికి ముందు చిల్లి దొరకాలి. పైపులు కలిసే ఫ్లేర్ అతుకుల దగ్గర జిడ్డుమరక కనిపిస్తే, గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా అక్కడి నుంచి కారుతోందని అర్థం. సబ్బునీళ్ల బుడగతోనో, నైట్రోజన్ ఒత్తిడి నింపి చూసో ఆ చోటును నిర్ధారించి మూయాలి. తరువాత వాక్యూమ్ పంపుతో వలయంలోని గాలిని, తేమను లాగివేయాలి. ఈ మెట్టును దాటవేస్తే మిగిలిన తేమ నూనెతో కలిసి ఆమ్లమై కంప్రెసర్‌ను లోపలి నుంచి తింటుంది. చిల్లి వెతకకుండా ఏటా గ్యాస్ నింపించుకోవడం కారే కుండను నింపుతూ కూర్చోవడమే. అందులో ఇల్లు దాటిన నష్టం కూడా ఉంది: గాలిలో కలిసిన ఒక కిలో ఆర్-32, నూరేళ్ల లెక్కలో సుమారు 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది, ఏసీల్లో వాడే మరో గ్యాస్ ఆర్-410ఎ అయితే దానికి మూడింతలు. ఇటువంటి వాయువుల వాడకాన్ని క్రమంగా తగ్గించాలని దేశాలు 2016లో రువాండా రాజధాని కిగాలీలో ఒప్పుకున్నది ఇందుకే. పైగా ఆర్-32 కొద్దిగా, కొన్ని ఏసీల్లో వాడే ఆర్-290 (ప్రొపేన్) తేలికగా మంటనంటుకునే వాయువులు కాబట్టి, కారుతున్న గదిలో నిప్పు ముట్టించకూడదు.

ఎంత నింపాలన్నది కూడా ఊహకు వదిలే విషయం కాదు. వలయంలో ఉండవలసిన గ్యాస్ బరువు యంత్రానికి అంటించిన లేబుల్ మీద ముద్రించి ఉంటుంది. మెకానిక్ సంచిలో త్రాసు ఉందో లేదో, సిలిండర్‌ను దాని మీద పెట్టి తూచాడో లేదో చూస్తే, జరుగుతున్నది వైద్యమో అంచనానో తెలిసిపోతుంది.