న్యుమోనియా రిపోర్టులో ముందు చూడాల్సిన అంకె

2021 ఏప్రిల్, మే నెలల్లో, కోవిడ్ రెండో వేవ్‌లో, మన ఇళ్లలో అందరి నోటా సీఆర్‌పీ, డీ-డైమర్, ఫెరిటిన్ అనే రక్తపరీక్షల మాటలే. ల్యాబ్ రిపోర్టు ఫోటో తీసి తెలిసిన డాక్టరుకి వాట్సాప్‌లో పంపడం, ఊపిరితిత్తుల సీటీ స్కాన్ స్కోరు 25కి ఎంత వచ్చిందని టెన్షన్ పడటం మామూలైపోయింది. ఆ హడావుడిలో చాలామంది పట్టించుకోని అంకె ఒకటుంది: షుగర్. వైరల్ న్యుమోనియా వచ్చిన మనిషి రక్తంలో మారే అంకెల్లో చాలావరకు జబ్బు ఎంత ముదిరిందో చెప్పి ఊరుకుంటాయి. షుగర్ మాత్రం జబ్బు ముదిరిందనీ చెబుతుంది, జబ్బును ఇంకా ముదరబెడుతుంది కూడా. పైగా దాన్ని దించే మందు ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటుంది.

సీఆర్‌పీ అనే ప్రొటీన్ కథే న్యుమోనియాతో ముడిపడి ఉంది. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విలియం టిలెట్, థామస్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని గుర్తించారు. ఊపిరితిత్తుల్లో మంట (ఇన్‌ఫ్లమేషన్) మొదలైతే అక్కడి నుంచి ఐఎల్-6 అనే సంకేతం కాలేయానికి చేరుతుంది, కాలేయం గంటల్లోనే సీఆర్‌పీని కుప్పలుగా తయారుచేస్తుంది. దాని కోసం రోజువారీ పనులు పక్కన పెడుతుంది. అందుకే సీఆర్‌పీ పెరిగే రోగిలో, కాలేయం మామూలుగా తయారుచేసే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గుతూ కనిపిస్తుంది. రక్తంలో సీఆర్‌పీ సుమారు 19 గంటల్లో సగానికి సగం పడిపోతుంది కాబట్టి, ఒక్కరోజు అంకె కన్నా నిన్నటికీ ఇవాళ్టికీ ఉన్న తేడాయే ముఖ్యం. ఒక చిక్కుంది. టోసిలిజుమాబ్ లాంటి మందు ఐఎల్-6 సంకేతాన్నే ఆపేస్తుంది. అది ఇచ్చాక రోగికి ఆయాసం తగ్గకపోయినా సీఆర్‌పీ చక్కగా దిగిపోతుంది.

ఎల్‌డీహెచ్ సంగతి వేరు. ఇది ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉండే ఎంజైము. గ్లూకోజు నుంచి శక్తి తీసే దారిలో పైరువేట్‌ను ల్యాక్టేట్‌గా, ల్యాక్టేట్‌ను పైరువేట్‌గా మార్చడం దాని పని. అది రక్తంలో ఎక్కువగా కనిపించిందంటే ఎక్కడో కణాలు చితికిపోతున్నట్టే. ఎక్కడ అన్నది మాత్రం ఆ అంకె చెప్పదు. రక్తం తీసేటప్పుడు ట్యూబులో ఎర్రకణాలు పగిలినా ఎల్‌డీహెచ్ ఎక్కువే చూపిస్తుంది.

2020లో వుహాన్ పరిశోధకులు 485 మంది కోవిడ్ రోగుల వివరాలను కంప్యూటర్‌కి ఇచ్చి, ఎల్‌డీహెచ్, సీఆర్‌పీ, లింఫోసైట్లు (ఒక రకం తెల్లరక్తకణాలు) అనే మూడింటితోనే ఎవరి ప్రాణానికి ముప్పు ఉందో పది రోజుల ముందే 90 శాతానికి పైగా కచ్చితంగా చెప్పవచ్చన్నారు. నెదర్లాండ్స్, ఫ్రాన్స్, న్యూయార్క్ బృందాలు తమ రోగుల మీద అదే సూత్రాన్ని పరీక్షిస్తే అంత బాగా పనిచేయలేదు. ఒక ఆసుపత్రిలో కుదిరిన కటాఫ్ ఇంకోచోట కుదరాలని లేదు. వాట్సాప్‌లో తిరిగిన ‘ఇంత దాటితే ప్రమాదం’ పట్టికలను నేను నమ్మనిది ఇందుకే.

కొలెస్ట్రాల్ ఇంకోలా మోసం చేస్తుంది. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌లో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్), హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) రెండూ పడిపోతాయి, జబ్బు ముదిరేకొద్దీ ఇంకా పడతాయి, కోలుకున్నాక మళ్లీ పైకి వస్తాయి. ఆసుపత్రిలో ఉండగా చేసిన లిపిడ్ టెస్టు చూసి ‘కొలెస్ట్రాల్ తగ్గింది’ అని గుండె మాత్రలు మానేస్తే పెద్ద పొరపాటే.

ఇక షుగర్. ఒళ్లు జ్వరంతో పోరాడుతున్నప్పుడు కార్టిసాల్, అడ్రినలిన్ పెరిగి, కాలేయం దాచుకున్న గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. మంట పుట్టించే రసాయనాలు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. దాంతో ఎప్పుడూ షుగర్ లేనివాళ్లకీ పెరుగుతుంది. వుహాన్‌లోనే, అంతకుముందు డయాబెటిస్ ఉందని తేలని 605 మంది కోవిడ్ రోగులను గమనించారు. చేరేనాటికి పరగడుపు షుగర్ 126 లేదా అంతకు మించి ఉన్నవాళ్లకు, తక్కువ ఉన్నవాళ్లతో పోలిస్తే, 28 రోజుల్లో మరణించే ముప్పు రెండు రెట్లకు పైగా కనిపించింది.

దీనికి షుగర్‌ను పెంచే స్టెరాయిడ్ తోడవుతుంది. కోవిడ్ రోగుల మీద బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, గరిష్ఠంగా 10 రోజులు ఇస్తే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు సుమారు మూడోవంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం ఏ ఉపయోగమూ కనబడలేదు. అయినా మన దగ్గర ఇంట్లోనే, ఆక్సిజన్ 97, 98 ఉన్నవాళ్లు కూడా స్టెరాయిడ్ మాత్రలు మింగారు. దాని ఫలితం తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. షుగర్ బాగా పెరిగితే తెల్లరక్తకణాల పోరాటం మందగిస్తుంది. కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు వచ్చే ఆమ్లాలు) పెరిగి రక్తం ఆమ్లంగా మారితే ఇనుము దాన్ని మోసే ప్రొటీన్ నుంచి విడిపోతుంది. బ్లాక్ ఫంగస్ తెచ్చే మ్యూకర్ బూజుకు కావాల్సింది ఆ ఇనుమే. 2021 జూన్ చివరికి దేశంలో బ్లాక్ ఫంగస్ కేసులు 40 వేలు దాటాయి, బాధితుల్లో ఎక్కువమంది షుగర్ ఉన్నవాళ్లే. తెలంగాణలో ఈ కేసుల కోసం హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిని నోడల్ కేంద్రం చేయాల్సి వచ్చింది.

స్టెరాయిడ్ వల్ల పెరిగే షుగర్ ఎక్కువగా తిన్న తర్వాతే బయటపడుతుంది. పొద్దున పరగడుపున 110 చూసి ఊపిరి పీల్చుకున్న మనిషికే మధ్యాహ్నం భోజనమయ్యాక 300 దాటి ఉండొచ్చు. ఇప్పుడు ఫ్లూ న్యుమోనియాకైనా సరే, డాక్టరు స్టెరాయిడ్ రాస్తే గ్లూకోమీటర్‌తో భోజనం తర్వాత కూడా చూడాలి, ఎంత దాటితే ఫోన్ చేయాలో ముందే అడిగి పెట్టుకోవాలి.

ఆ షుగర్ జబ్బుతో వచ్చిందా, అంతకుముందే ఉందా అన్నది హెచ్‌బీఏ1సీ తేలుస్తుంది. గడిచిన రెండు మూడు నెలల సగటు చెప్పే పరీక్ష కాబట్టి, వారం రోజుల జ్వరం దాన్ని పెద్దగా కదిలించలేదు. అది 6.5 శాతం లేదా అంతకు మించి ఉంటే డయాబెటిస్ పాతదే, ఇన్నాళ్లూ బయటపడలేదంతే. మామూలుగా ఉంటే, స్టెరాయిడ్ ఆపిన కొన్ని వారాలకు షుగర్ దానంతటదే సర్దుకునే అవకాశం ఉంది. ఆసుపత్రిలో మొదలుపెట్టిన ఇన్సులిన్ డోసును అప్పుడు డాక్టరు తగ్గించాలి, లేకపోతే షుగర్ మరీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. డిశ్చార్జి రోజున అడగాల్సిన ప్రశ్న ఇదే: ఈ ఇన్సులిన్ ఎన్నాళ్లు, మళ్లీ టెస్టు ఎప్పుడు?